మాత్ర చౌకే, మానితేనే నష్టం



కొన్నాళ్లు నిద్రలేని ఉత్సాహం, చేతికందినంత ఖర్చు. మరికొన్నాళ్లు మంచం దిగలేనంత దిగులు. ఇది బైపోలార్ జబ్బు. గాలి సోకడం కాదు, పొగరూ కాదు.

దీనికి లిథియం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ తెలియజేశాడు. మనవంటి దేశాల్లో ఈ మాత్ర ఖరీదు కొద్ది రూపాయలే. అయితే మోతాదు తగ్గితే పనిచేయదు, మించితే విషం. అందుకే రక్తపరీక్ష తప్పనిసరి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి. పరీక్షకూ బస్సు ఛార్జీకీ వెనకాడి చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

ఎండలో బాగా చెమట పట్టినా, విరేచనాలైనా ఒంట్లో మందు పెరుగుతుంది. నీళ్లు తాగండి. ఉప్పు ఒక్కసారిగా మానకండి. డాక్టరును అడగకుండా నొప్పుల మాత్రలు మింగకండి. చేతులు బాగా వణికినా, వాంతులైనా, నడక తూలినా తర్వాతి మాత్ర వేసుకోక వెంటనే ఆసుపత్రికి రండి. గర్భం కోరుకునే స్త్రీలు ముందే డాక్టరుకు చెప్పాలి.

"నయమైందిగా" అని మీ అంతట మీరు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇంటివారు దగ్గరుండి మందు వేయించండి. సలహాకు టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.