మూకీ తెరపై క్లియోపాత్రా

రేడియోలో కంఠము వినవచ్చును, రూపము కానరాదు. మూకీ చిత్రమున రూపము కానవచ్చును, కంఠము వినరాదు. మాటయే ఆయుధముగా రాజ్యమేలిన ఒక రాణికథ మూకీ చిత్రకారుల చేతిలో బడినప్పుడు ఏమి జరిగెనో నేడు ముచ్చటింతము.

ఈజిప్టు నేలిన టాలెమీ వంశీయులు గ్రీకు భాషీయులు. ఆ వంశమున ప్రజల భాషయగు ఈజిప్షియను నేర్చిన మొదటి వ్యక్తి క్లియోపాత్రా యని ప్లూటార్కు వ్రాతవలన తెలియుచున్నది. ఆమె సౌందర్యము సాటిలేనిది కాదనియు, ఆమె సంభాషణమే జనులను వశపరచుకొనెడిదనియు, ఆమె కంఠము పెక్కు తంత్రులు గల వాద్యమువంటిదనియు ఆయన చెప్పెను.

క్రీ. పూ. 51లో ఆమె సింహాసన మెక్కెను. తమ్మునితో కలిగిన వైరమున పదవిని గోల్పోయి, క్రీ. పూ. 48లో అలెగ్జాండ్రియాకు వచ్చిన జూలియస్ సీజరు అండతో దానిని మరల సాధించెను. క్రీ. పూ. 44లో సీజరు హతుడైన పిమ్మట రోమక రాజ్యపు తూర్పు భాగము ఆంటొనీ వశమయ్యెను. క్రీ. పూ. 41లో వారిరువురును టార్ససు నగరమున కలిసికొనిరి. క్రీ. పూ. 31లో ఆక్టియము కడ జరిగిన నౌకాయుద్ధమున ఆక్టేవియను పక్షము గెలిచెను. మరుసటి యేట, రాణి మరణించినదను తప్పుడు వార్త విని ఆంటొనీ కత్తితో పొడుచుకొనెను. కొనయూపిరితోనున్న అతనిని త్రాళ్ళతో లాగి, రాణి తలదాచుకొన్న సమాధి మందిరమునకు చేర్చిరి. ఆమె చెంతనే అతడు కన్నుమూసెను. కొలది దినములకు ఆమెయు ప్రాణములు విడిచెను.

నౌకలు, త్రాళ్ళు, కత్తి, పాము: ఇన్ని దృశ్యములు గల కథను చలనచిత్రకారులు విడుతురా? 1912లో అమెరికాలో హెలెన్ గార్డనర్ అను నటి సొంత సంస్థను స్థాపించి, తానే క్లియోపాత్రాగా నటించి, ఆరు రీళ్ళ చిత్రమును నిర్మించెను. స్త్రీలు నిర్మాతలగుట అరుదైన దినములవి. 1913లో ఇటలీలో ఎన్రికో గ్వాజోనీ ఆంటొనీ క్లియోపాత్రాల కథను పెద్ద సైన్యసమూహములతో తెరకెక్కించెను.

వీనిని మించిన ఆడంబరముతో ఫాక్సు సంస్థవారి చిత్రము 1917లో వెలువడెను. దర్శకుడు జె. గోర్డన్ ఎడ్వర్డ్స్, నాయిక థీడా బారా. ఒహైయో రాష్ట్రమున సిన్సినాటీలో పుట్టిన ఈమెను, ఈజిప్టులో పుట్టినదిగా ప్రచారకులు చాటిరి. పురుషులను వలలో వేసికొని నాశనము చేయు స్త్రీ పాత్రలకు ఆమె పెట్టినది పేరు. కావున ప్రేక్షకులకు చేరినది రాజ్యతంత్రమెరిగిన రాణి కాదు, కాటుక కన్నుల మోహిని. కంఠము లేని తెరపై కన్నులకే పని హెచ్చినది. అంతమాత్రమున నటిని తప్పుపట్టలేము. నాలుగు పంక్తుల అక్షరఫలకములు పెక్కు భాషల పండితురాలి వాక్చాతుర్యమును మోయగలవా?

ఆ రూపమును కూడ కాలము మిగుల్చలేదు. నాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. వేడికి చెడును, రగిలినచో నీటికిని ఆరదు. 1937 జూలై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్సువారి ఫిల్ము గిడ్డంగి దగ్ధమయ్యెను. ఆ మంటలకు సమీప గృహస్థుల బాలుడొకడు మరణించెను. ఆ సంస్థ మూకీ చిత్రములలో అధికభాగము బూడిదయ్యెను. థీడా బారా క్లియోపాత్రాలో నేడు మిగిలినవి కొన్ని క్షణముల తునుకలును, నిశ్చల ఛాయాచిత్రములును మాత్రమే. మరికొన్ని తునుకలు 2023లో బయల్పడినవి. చిన్న సంస్థ తీసిన 1912 నాటి చిత్రము మాత్రము నిలిచియున్నది.

ఈ నష్టము పరదేశపు ముచ్చటగా తోచవచ్చును. కాని 1921లో మద్రాసున రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు ప్రకాశ్ గారును నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ సయితము నేడు లభించుట లేదు. పుణేలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో నెలకొనునాటికే మన మూకీలలో అధికభాగము అంతరించెను.

క్లియోపాత్రా కంఠమెట్టిదో మనకు తెలిసినది ఒకరు వ్రాసిపెట్టుటవలననే. కళాఖండము గొప్పదగుట చాలదు, దానిని భద్రపరచు చేయి కావలెను. మన యిండ్లలోని పాత గ్రామఫోను రికార్డులు, ఛాయాచిత్రములు, ఉత్తరములు పెట్టెల అడుగున చెదలపాలు కాకముందే వెలికి తీసి పదిలపరచుకొందము.