పోగు చుట్టిన బలము

చిక్కడపల్లి సందులలోను, నారాయణగూడ పాత మేడలలోను లిఫ్టు లేని ఇండ్లు నేటికిని కలవు. అట్టి ఇంటి మూడవ అంతస్తునకు వంటగ్యాసు సిలిండరును భుజముపై మోసికొని వచ్చువానిని మనము చూచుచునే యుందుము. ఆ సిలిండరులోని గ్యాసు 14.2 కిలోలు. దానిని పట్టియుంచు ఉక్కుపాత్ర బరువు ఇంచుమించు అంతే, లేక మరికొంచెము ఎక్కువ. అనగా అతడు మోయు సుమారు 30 కిలోలలో సగము మాత్రమే మన పొయ్యికి ఉపకరించునది. తక్కిన సగము కేవలము పాత్ర. గ్యాసు ముగిసిన పిమ్మట ఆ పాత్రనే మరల క్రిందికి దింపవలెను. ఈ రెండవ సగమును తగ్గించుటకు వీలున్నదా? ఉన్నది. పోగులను చుట్టి పాత్రలను నిర్మించు విద్య అందుకు మార్గము చూపినది.

ముందు ఉక్కులోని చిక్కు ఏమో చూతము. నీళ్ల గొట్టములో ఒత్తిడి మితిమీరినపుడు అది సాధారణముగా నిలువుగా చీలునే గాని అడ్డముగా తెగదు. గొట్టపు గోడను చుట్టువెంబడి లాగు బలము, పొడవువెంబడి లాగు బలమునకు రెండింతలుండుటయే అందుకు కారణము. ఉక్కు అన్ని దిక్కులందును ఒకే బలము గలది. చుట్టువెంబడి లాగుడును తట్టుకొనునంత మందముగా రేకు వేసినచో, పొడవువెంబడి ఉన్న బలములో సగము వృథాగా పడియుండును. వృథాయైన బలమునకును బరువున్నది. ఆ బరువును ఎవరో ఒకరు మోయవలసినదే.

పోగు సంగతి వేరు. దానిని పొడుగునా లాగినపుడే దాని బలము తెలియును. అడ్డముగా అది దాదాపు నిరుపయోగము. గాజు గ్లాసు చేయిజారినచో పగులును. అదే గాజును కరగించి వెండ్రుకకంటె సన్నని పోగుగా తీసినచో, బరువునకు బరువు పోల్చిచూడగా ఉక్కును మించిన లాగుడును ఓర్చుకొనును. పగులుటకు మూలమైన సూక్ష్మపు లోపములు అంత సన్నని పోగులో మిక్కిలి తక్కువ. గాజు తరువాత కార్బను పోగులు వచ్చినవి. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలి పరిశోధన ఫలితముగా కెవ్లార్ అను పోగు వెలసినది. ఇట్టి పోగులు చేతనుండగా, బలము ఎటు కావలెనో అటే దానిని పరచవచ్చును: చుట్టువెంబడి రెండు పాళ్లు, పొడవువెంబడి ఒక పాలు. లేదా, పొడవునకు సుమారు 55 డిగ్రీల వాలుగా ఇటును అటును చుట్టుకొని పోయినచో రెండు అవసరములును ఒక్కసారిగా తీరును.

చేనేతవారి ఇంట కండెలు చుట్టుట చూచినవారికి ఈ పని క్రొత్తగా తోచదు. కదురువలె ఒక అచ్చు తిరుగుచుండును. పోగుల కట్ట జిగురు తొట్టిలో మునిగి, తడిసి, ఆ అచ్చుపైకి వచ్చును. పోగును అందించు బండి అచ్చు పొడవునా ఇటునటు నడచుచుండును. అచ్చు తిరుగు వేగమునకును, బండి నడచు వేగమునకును గల పొత్తును బట్టి చుట్టు వాలు ఏర్పడును. కష్టమంతయు పాత్ర రెండు కొనలయందును గల గుండ్రని భాగములలో నున్నది. ఒక బంతిపై దారము చుట్టి చూడుడు: కొన్ని దారులలో అది కదలక నిలుచును, కొన్నింట జారిపోవును. వంపుతలముపై రెండు చోట్లనడుమ అతి దగ్గర దారిని నడచిన పోగు జారదు. యంత్రము ఆ దారిని లెక్కగట్టి నడచును. పోగు బిగువు కూడ ఆద్యంతము సమముగా నుండవలెను. వదులుగా పడిన పోగు తన వంతు మోయదు. ఆ వంతు ప్రక్క పోగులపై పడును. చుట్టుట ముగిసిన పిదప, జిగురు ఒక ప్రక్కకు కారిపోకుండ పాత్రను త్రిప్పుచునే కొలిమిలో వేడిచేసి గట్టిపరతురు. అచ్చు ఇసుకతో చేసినదైనచో నీటితో కడిగి తీసివేయుదురు; ప్లాస్టిక్ పాత్రయే అచ్చైనచో అది లోపలనే నిలిచిపోవును.

ఈ విద్యతో మన నగరమునకు దగ్గరి సంబంధము కలదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలలో క్షిపణుల కొరకు పోగుల నిర్మాణము పెంపొందినది. 2011 నవంబరు 15న ప్రయోగించిన అగ్ని-4లో ఇట్టి మిశ్రమ పదార్థపు రాకెట్టు మోటారును వాడిరి. శ్రీహరికోటనుండి 1994 అక్టోబరు 15న తొలి విజయమును పొందిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడవ దశకు కెవ్లార్ పోగుల తొడుగు కలదు. పై దశలలో తొడుగు బరువు తగ్గిన కొలది ఉపగ్రహమునకు చోటు పెరుగును. 2022 నవంబరు 18న హైదరాబాదు సంస్థ స్కైరూట్ నిర్మించిన విక్రమ్-ఎస్, కార్బను పోగుల దేహముతో 89.5 కిలోమీటర్ల ఎత్తునకు ఎగసినది. దాని నిలువు కేవలము 6 మీటర్లు.

రాకెట్టునకు పనికివచ్చిన సూత్రము రోగికిని పనికివచ్చినది. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు ఊతములను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొని నడచుట చూడలేక, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోని ఒక ఎముకల వైద్యుడు అబ్దుల్ కలాంగారిని ఆశ్రయించెను. మూడు వారములలో సుమారు 300 గ్రాముల ఊతములు సిద్ధమైనవని కలాంగారు తరచు చెప్పుచుండెడివారు. అవి చుట్టి చేసినవి కావు గాని, క్షిపణుల కొరకు వెదకిన తేలిక పదార్థముల విద్యనుండి పుట్టినవే.

ఇక వంటింటికి వత్తము. 2021లో ఇండియన్ ఆయిల్ సంస్థ 10 కిలోల, 5 కిలోల మిశ్రమ సిలిండర్లను ప్రవేశపెట్టెను. తొలుత వానిని అందించిన నగరములలో హైదరాబాదు ఒకటి. లోపల పాలిథీన్ పాత్ర, దానిపై గాజుపోగుల చుట్టు, వెలుపల మరియొక పాలిథీన్ తొడుగు. బరువు ఉక్కు సిలిండరులో సగమునకు దగ్గర. త్రుప్పు పట్టదు, నేలపై మరక వేయదు, వెలుగునకు ఎదురుగా నుంచినచో గ్యాసు ఎంత మిగిలినదో కనబడును. పరీక్షలకు చదువుకొనుటకై అశోక్ నగర్ గదులలో నివసించు విద్యార్థులవంటివారికి 5 కిలోలది చాలును.

అయినను ఈ పాత్రల స్వభావమును తెలిసి వాడుకొనవలెను. ఉక్కు దెబ్బతిన్నచో సొట్టపడి మనకు తెలియజేయును. పోగుల పాత్ర పైకి చెక్కుచెదరక కనబడుచునే, లోపల పొరలు విడిపోయి యుండవచ్చును. అందువలననే వీనిని వాడుక ఒత్తిడిని మించిన ఒత్తిడితో నీరు నింపి పరీక్షింతురు. నీరు నొక్కుడుపడదు గనుక పాత్ర పగిలినను గాలివలె ప్రేలదు. మరియొక లోటు: ఉక్కును కరగించి మరల వాడవచ్చును, గట్టిపడిన ఎపాక్సీ జిగురు మరల కరగదు. పాతబడిన పాత్రలను ఏమి చేయవలెనను ప్రశ్న శాస్త్రజ్ఞులముందు నిలిచియున్నది.

కావున ఇట్టి సిలిండరు ఇంటికి వచ్చినపుడు తేలికగా నున్నదని మెట్లపై దొర్లించరాదు. సూదియైన వస్తువులను తగులనీయరాదు. తొడుగు చీలినను, పోగు బయటపడినను ఆ సిలిండరును తీసికొనక మరియొకటి అడుగవలెను. ఎత్తునుండి జారిపడినచో, పైకి ఏ గాయము కనబడకున్నను, పంపిణీదారునకు తెలిపి మార్పించుకొనుటయే క్షేమము.