నొప్పులన్నీ ఫ్లోరైడ్ పద్దులో వేయవద్దు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఫైళ్లు చూసిన గుమాస్తాను. ఒక ఫైలు కాగితం ఇంకో ఫైల్లో చేరితే ఎంత నష్టమో నాకు తెలుసు. మన పడమటి ప్రాంతంలో కీళ్లనొప్పుల విషయంలో జరుగుతున్నది అదే. మార్కాపురం నుండి గిద్దలూరు దాకా ఎవరికి కాలు నొప్పి వచ్చినా "ఫ్లోరైడ్ నీళ్లండీ" అనో, "వయసు వాతం" అనో ఊరుకుంటున్నాం.

ఫ్లోరైడ్ బాధ అబద్ధం కాదు. పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే ఆ జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించారు. అయితే దాని నడక వేరు. ఏళ్ల తరబడి నడుము, మెడ, కీళ్లు మెల్లగా బిగుసుకుపోతాయి. గౌట్ అలా కాదు. రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లవారేసరికి కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేని సలుపు పుడుతుంది. వారం పది రోజుల్లో తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. చీలమండకు, మోకాలికి కూడా రావచ్చు. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకోవడమే దీనికి కారణం.

మన సభ్యులొకరు ఈ సలుపును ఫ్లోరైడ్ అనుకొని ఏళ్ల తరబడి చీటీ లేకుండా నొప్పి బిళ్లలు కొని మింగారు. కిడ్నీలు దెబ్బతిన్నాక గాని అది గౌట్ అని తేలలేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

యూరిక్ ఆమ్లం పరీక్షతో పాటు క్రియాటినిన్ కూడా చేయించండి. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు యూరిక్ ఆమ్లం అంకె మామూలుగా కనిపించవచ్చు. తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చూడాలి. అంకె ఎక్కువైనంత మాత్రాన గౌట్ అనీ కాదు. కీలులోని నీరు తీసి స్ఫటికాలు చూడటమే గట్టి రుజువు. వాపుతో పాటు చలిజ్వరం వస్తే కీలు చీముపట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మందులు రెండు రకాలు. అప్పటి సలుపుకు కోల్చిసిన్ వంటివి ఇస్తారు. అడవినాభి దుంపలోనూ ఈ పదార్థమే ఉంది, కాని ఆ దుంప ప్రాణం తీసే విషం. నాటుమందుగా దాని జోలికి పోవద్దు. రెండవది, యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ వంటి మందు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, అంకె 6 లోపుకు దిగేవరకు డాక్టరు పెంచుతారు. నొప్పి లేదు కదా అని మానకూడదు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. బి.పి.కి ఇచ్చే మూత్రం బిళ్లలు కొన్ని యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. స్వంతంగా మానక, చీటీ తీసుకెళ్లి అడగండి.

ఇంటి ఇల్లాళ్లకు ఒక మాట. కందిపప్పు, పాలకూర మాన్పించనక్కరలేదు. తగ్గించవలసినవి మేక కార్జం, మాంసం, ఎండుచేపలు, కూల్ డ్రింకులు. బీరు, సారా మానడమే మేలు. మజ్జిగ మంచిది. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గితే గౌట్ తిరగబెడుతుంది. కాబట్టి లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ లేని నీళ్లు చాలినన్ని తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరు చెప్పినంతే తాగాలి.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనలో ఎవరూ మరచిపోరు. కీళ్ల సలుపు ఉన్నవారు ఆ నెలలోనే ఈ రెండు పరీక్షలూ చేయించుకోండి.