‘సర్వర్ డౌన్’ అన్నప్పుడు



“సర్వర్ డౌనున్నదమ్మా, రేపు రాండ్రి.” ఈ మాట వినని ఇల్లాలు మా బాన్సువాడలోనే కాదు, మీ పట్నాలలో కూడా ఉండదనుకుంటాను. ఎండన పడి పోయి, వరుసలో గంటసేపు నిలుచుని, తీరా మన వంతు వచ్చేసరికి ఈ మాట చెవిన పడుతుంది. ఆ సర్వరన్నది ఎక్కడుంటుందో, దానికేమి జబ్బు చేసిందో అడిగే తీరిక మనకుండదు. చెప్పే ఓపిక వారికుండదు. అందుకని ఈనాడు దానిని గురించే కాస్త ముచ్చటించుకుందాము.

సర్వరంటే వడ్డించేది అని అర్థం. పెళ్ళి బంతిలో వడ్డించేవాడిలాగా, అడిగినవారికల్లా అడిగిన లెక్క తెచ్చిపెట్టే కంప్యూటరన్నమాట. రాత్రింబవళ్ళు పనిచేయాలి కనుక దానికి ఒకటికి రెండు పవర్ సప్లైలు, నాలుగైదు ఫ్యాన్లు, నాలుగైదు డిస్కులు పెడతారు. ఒకటి పోయినా పని ఆగగూడదని.

ఆడవాళ్ళకెందుకమ్మా ఈ యంత్రాల గొడవ, అని ఎవరైనా అంటే వారికొక సంగతి చెప్పండి. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే కంప్యూటరులో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. దానిచేత లెక్కలు చేయించిన తొలి ఆరుగురూ ఆడవాళ్ళే: కాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. వాళ్ళు పటాలు ముందేసుకుని ఆ యంత్రాన్ని ఎంత క్షుణ్ణంగా నేర్చుకున్నారంటే, లెక్క తప్పు వస్తే ఆ తప్పు దాదాపు ఏ ట్యూబు దగ్గరుందో చెప్పగలిగేవారట. వేలాది బుడ్లలో చెడిన బుడ్డి ఏదో పట్టుకోవడం! పప్పులో రాయి ఏరే మనకు అది మరీ తెలియని విద్యేమీ కాదు.

మా చిన్నమ్మ కూతురు హైదరాబాదులో ఈ సర్వర్ల మరమ్మతు పనే చేస్తుంది. పండుగకు వచ్చినప్పుడల్లా నేను అడగడం, తను చెప్పడం. తను మొదట చెప్పినది ఇది: “అక్కా, ఇంట్లో దీపం పోతే నువ్వేం చేస్తవు? ముందు కిటికీలోంచి పక్కింటి దిక్కు చూస్తవు గదా. మా పని గూడ అంతే.” వీధంతా పోతే స్తంభం మీద తప్పు, మన ఇంట్లోనే పోతే ఫ్యూజు, ఒక గదిలోనే పోతే బల్బు. సర్వర్ డౌనన్న మాట విన్నప్పుడు తను కూడా పక్క కౌంటరు పనిచేస్తున్నదా, పక్క ఊళ్ళో పనిచేస్తున్నదా అని అడుగుతుంది. పక్కవాళ్ళకు అందుతున్నదంటే వడ్డించేవాడు బాగానే ఉన్నాడు. మన విస్తరి దాకా వచ్చే దారిలోనే ఎక్కడో తెగింది.

నిజంగా సర్వరుదే జబ్బయితే ముందు కన్నూ, చెవీ, ముక్కూ. పచ్చదీపం సుఖంగా ఉన్నానని, కాషాయరంగు దీపం ఏదో చెడిందని. మొదలుపెట్టినప్పుడు ఫ్యాన్లు హోరుమని, తరువాత నెమ్మదించాలి. ఎంతకీ హోరు తగ్గలేదంటే ఏదో ఫ్యాను ఆగింది, లేదా లోపల వేడెక్కింది. కాలిన వాసన వస్తే చెప్పనే అక్కరలేదు. పైగా సర్వరు తన జబ్బుల చిట్టా తనే గంటా నిమిషాలతో సహా రాసుకుంటుంది. తీగలు పీకేముందు ఆ చిట్టా చదవాలంటుంది మా చెల్లెలు. చాలామంది చదవరట.

తరువాత సూత్రం, ఒకసారికి ఒక్కటే మార్చడం. పులుసు రుచి చెడిందని ఉప్పూ, కారమూ, చింతపండూ ఒక్కసారే వేస్తే దేనివల్ల కుదిరిందో మనకే తెలియదు. ర్యామ్ అని, జ్ఞాపకముంచుకునే పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ మీద అనుమానముంటే దానిని తీసి వేరే గాడిలో పెడతారు. జబ్బు పట్టీతోబాటు వెళ్తే పట్టీదే దోషం. పాత గాడిలోనే ఉండిపోతే బోర్డుది. ఎన్నోసార్లు ఊరికే తీసి గట్టిగా పెడితేనే బాగవుతుందిట.

ఈ పట్టీలను ముట్టుకునేముందు యంత్రం ఆపాలి, చేతికి నేలతీగ కలిపిన పట్టా కట్టుకోవాలి. చలికాలంలో నైలాను చీర విప్పుతుంటే చిటపటమంటుంది చూడండి, అందులో వందోవంతు మెరుపు చాలట, లోపలి చిప్పు చావడానికి. చీర కట్టుకుని సర్వరు విప్పవద్దని మగ ఇంజనీర్లు హాస్యమాడితే, “మీ పాలియెస్టర్ చొక్కాల సంగతో?” అన్నదట మా చెల్లెలు.

ఇక అసలు సంగతికొస్తాను. 2023 ఎండాకాలంలో మా ఊళ్ళోనే ఒక పొదుపు సంఘాల ఆఫీసులో జరిగింది ఇది. ఎన్నో కుటుంబాల పొదుపు, అప్పు లెక్కలన్నీ ఒక్క సర్వరులో. అందులో నాలుగు డిస్కులు. వీటిని కలిపి వాడే పద్ధతిని రెయిడ్ అంటారు. కాలిఫోర్నియాలోని బర్క్లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో దీనిమీద రాశారు. మన పద్దు పుస్తకంతో చెప్తాను. పాలకింత, కూరలకింత, అద్దెకింత, కింద మొత్తం. మూడింటిలో ఏ ఒక్క అంకె చెరిగినా మొత్తంలోంచి తీసివేసి కనుక్కోవచ్చు. రెండు చెరిగాయా, ఇక దేవుడే దిక్కు.

ఆ ఆఫీసులో ఒక డిస్కు పోయింది. సర్వరు బీప్ బీప్‌మని అరిచింది. అరుపు భరించలేక ఎవరో మీట నొక్కి నోరు మూయించారు. కాషాయ దీపం వెలుగుతూనే ఉన్నది. కాని దుమ్ము పడకుండా మనం టీవీకి కప్పినట్టే దానికి ముందువైపు అల్లికల గుడ్డ కప్పి ఉంచారు, దీపం ఎవరికీ కనబడలేదు. గాలి పీల్చుకునేది కూడా ఆ ముందువైపునుంచే! గుడ్డవల్లే డిస్కు పోయిందని మాత్రం నేననను. గూగులువారు 2007లో లక్షకు పైగా డిస్కుల చరిత్ర పరిశీలిస్తే, వేడికీ డిస్కు చావుకూ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనబడలేదట. దీపాన్ని దాచినందుకే నాకు ఆ గుడ్డమీద కోపం.

రెండు నెలలకు పని మందగించింది. అప్పుడు చూస్తే తెరమీద 2వ డిస్కు చెడిందని ఉన్నది. అక్కడి కుర్రవాడు చురుకైనవాడే; ఎడమనుంచి లెక్కపెట్టి రెండోది లాగేశాడు. ఆ డబ్బాలో అంకెలు సున్నతో మొదలవుతాయని వానికెవరు చెప్పారు? సున్నా, ఒకటి, రెండు. చెడినది మూడోది, లాగినది మంచిది. అంటే రెండు అంకెలు చెరిగినట్టే. సర్వరు నిలిచిపోయింది. పాపం భయపడి మళ్ళీ గుచ్చాడు. అప్పటికి అది దానిని పరాయి డిస్కనుకున్నది. “కలుపుకోనా, చెరిపెయ్యనా?” అని తెరమీద ప్రశ్న.

ఆ సంఘంలో నా పేరూ ఉంది. చెల్లెలికి ఫోను చేస్తే ఒకటే మాట: “ఎవ్వరినీ ఏదీ ముట్టనియ్యకు అక్కా. ఏమడిగినా నొక్కనియ్యకు.” తెల్లవారి మొదటి బస్సుకు వచ్చింది. వచ్చి అరగంట దేన్నీ తాకలేదు. చిట్టా చదివి, ఏ డిస్కు ఏ గాడిలో ఉన్నదో కాగితం మీద రాసుకుని, ఫొటో తీసి, అప్పుడు ‘కలుపుకో’ అన్నది. లేచింది! లేవగానే కొత్త డిస్కు పెట్టలేదు, మొదట లెక్కలన్నీ బయటి డిస్కుకు ఎక్కించింది. కొత్త డిస్కు నిండేటప్పుడు పాతవాటి మీద గంటల తరబడి భారం పడుతుంది, వాటిలో ఇంకొకటి పోతే చేతిలో ఏమీ ఉండదని. రాత్రి పదికి కొత్తది పెట్టింది. తెల్లవారి నాలుగుకు పచ్చదీపం వచ్చింది.

కుర్రవాడు డిస్కు లాగిన క్షణాన రాస్తున్న పద్దులు మాత్రం సగంలో తెగాయి. అంతకుముందు బ్యాకప్ ఎప్పుడు తీశారని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆ రోజు డబ్బు కట్టిన ఆడవాళ్ళందరికీ కబురు చేశారు. కొంగున ముడేసుకున్నట్టు దాచుకున్న పాస్‌బుక్కులు తెచ్చారు. బీడీల గంపకింద పెట్టిన పుస్తకం తెచ్చిందొకామె, తడిసిన మూలతో సహా. వాటిని చూసి ఒక్కొక్క పద్దూ తిరిగి ఎక్కించారు.

ఒక చిన్న తప్పు చివరన బయటపడింది. రెండు పవర్ సప్లైల వైర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చి ఉన్నాయి! చెల్లెలు ఒకటి తీసి రెండో లైనుకు పెట్టి బస్సెక్కింది. ఇప్పుడా సర్వరు నెత్తిన “సున్నతో లెక్కపెట్టండి” అని ఒక చీటీ అతికించి ఉన్నది. పొద్దున తాళం తీసే ఆమె ముందు దీపాలు చూసి, పుస్తకంలో సంతకం చేసి, తరువాతే కుర్చీలో కూర్చుంటుంది. అల్లికల గుడ్డను మంచినీళ్ళ కుండకు కప్పారు. ఇక సెలవు.