కడుపు బాధకు సూది, వాత

కడుపు బాధకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా? అరచేతి వైపు, మణికట్టు ముడతకు మూడు వేళ్ల పైన, రెండు స్నాయువుల మధ్య నొక్కితే ఆపరేషన్ తరువాతి వికారం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. కాని శిక్షణ పొందినవారి శుభ్రమైన సూది వేరు, మన కొరాపుట్, రాయగడ పల్లెల్లో పసిపిల్లల పొట్టమీద కాల్చిన ఇనుముతో పెట్టే వాత వేరు. ఒడియాలో 'చెంక' అనే ఆ వాత రోగం తగ్గించదు. పుండై, చీముపట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక వాంతులు, విరేచనాలా? 2007లో కాశీపూర్ ప్రాంతంలో కలరా ఎందరినో బలిగొంది. అప్పుడు ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడమే. సూదీ, వాతా ఆ నీటిని తిరిగి తేలేవు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి కొద్దికొద్దిగా పట్టండి. ఆశా కార్యకర్తను పిలవండి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.