ఇసుకనూ మండించే వాయువు

నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల్లో బొగ్గుబాయి సంగతి తెలియని ఇల్లుండదు. గాలి తగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది, వదిలేస్తే అంటుకుంటుంది. అందుకే బొగ్గు తీసిన ప్యానెల్‌కు, అంటే గని భాగానికి, గోడ కట్టి సీల్ చేస్తారు, ఖాళీని గోదావరి ఇసుకతో నింపుతారు (స్టోయింగ్). ఆక్సిజన్ అందకుంటే మంట బతకదు.

క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ అనే వాయువు దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. దాని ధాటికి ఇసుకే మండుతుంది. ఇసుక అంటే ఆక్సిజన్‌తో ఇప్పటికే కలిసిపోయిన సిలికాన్. ఈ వాయువులోని ఫ్లోరిన్ ఆ ఆక్సిజన్‌నూ వెళ్లగొట్టి సిలికాన్‌ను తాను పట్టుకుంటుంది. నీళ్లు పోస్తే పేలుతుంది, పైగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం చర్మంలోంచి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసి, గుండె లయను దెబ్బతీయగలదు. పలచగా తగిలితే మొదట నొప్పి కూడా తెలియదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

1930లో జర్మనీలో ఓటో రఫ్, క్రుగ్ క్లోరిన్ ట్రైఫ్లోరైడ్‌ను తయారుచేశారు. క్లోరిన్, ఫ్లోరిన్ వాయువులను కలిపి వేడిచేస్తే వస్తుంది. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది. ఉక్కు, నికెల్ వంటి లోహపు పాత్రల్లో నిలవ చేస్తారు. పాత్ర లోపల ముందే ఏర్పరచిన ఫ్లోరైడ్ పొర లోహాన్ని కాపాడుతుంది. ఆ పొర చెదిరితే ఉక్కూ మండుతుంది. అమెరికాలో ఒకసారి దాదాపు టన్ను ఒలికి, అడుగు మందం కాంక్రీటును, దాని కింద మూడడుగుల కంకరను తినేసింది. ఇంత ప్రమాదమున్నా చిప్‌లు తయారుచేసే యంత్రాల లోపల పేరుకున్న సిలికాన్‌ను తొలగించడానికి వాడుతున్నారు.

ఫ్లోరిన్ అనగానే మనకు నల్గొండ నీళ్లు గుర్తొస్తాయి. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు కావలసిన ఎలక్ట్రాన్ ఇదివరకే దొరికింది కాబట్టి అది దేన్నీ మండించదు. కానీ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడవుతాయి.

ట్రైఫ్లోరైడ్ మన ఇంటికి రాదు. కానీ దానిలాగే ఆక్సీకరణం చేసే పదార్థం ఇంట్లోనే ఉంది, బ్లీచింగ్ పౌడర్. వానాకాలంలో మోరీల దగ్గర చల్లుతాం. దయచేసి బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను దానితో కలపకండి, క్లోరిన్ లేస్తుంది. నూనె, కిరోసిన్ తగిలే చోట పెట్టకండి, అంటుకోవచ్చు. ఘాటు తగలగానే కడగడం ఆపి, తలుపు తెరిచి బయటికి రండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లి, ఏది దేనితో కలిసిందో డాక్టరుకు చెప్పండి.