పీఎన్ఆర్ వస్తే టికెట్ వచ్చినట్టేనా?

ఎంఎస్ కోసం అమెరికా వెళ్తున్నారా? ఏజెంట్‌కి డబ్బులు కట్టారు, వాట్సాప్‌లో ఆరక్షరాల పీఎన్ఆర్ వచ్చింది. ఆగండి, అది టికెట్ కాదు. బుకింగ్ రికార్డు మాత్రమే.

1960ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి సేబర్ అనే రిజర్వేషన్ సిస్టమ్ తెచ్చాయి. ఇప్పుడు సేబర్, అమేడియస్ లాంటి నెట్‌వర్క్‌ల్లోనే చాలామంది ఏజెంట్లు సీటు పట్టి పెడతారు. సీటు పట్టడం ఒక స్టెప్పు, టికెట్ ఇష్యూ చేయడం ఇంకో స్టెప్పు. గడువులోగా రెండోది జరగకపోతే సీటు క్యాన్సిల్ అయిపోతుందన్నమాట.

అందుకే 13 అంకెల ఈ-టికెట్ నంబర్ అడగండి. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్ కోడ్. ఎయిర్ ఇండియాకైతే 098. ఆ నంబర్ ఎయిర్‌లైన్ దగ్గర మీరే కన్‌ఫర్మ్ చేసుకోండి. నాన్న అప్పు చేసి కట్టిన డబ్బు గురించి ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో తెలుసుకోవద్దు. ఈరోజే చూసుకోండి!